సాంబయ్యకు ప్రేరణ కలిగిన రోజు

ఆరు వందల దిండు గలీబులు నేసి, కుట్టి, మడతపెట్టి, బీరువాలో పెట్టి తాళం వేసిన పదకొండో రోజున, వాటిని నేసిన బూర సాంబయ్యకు అసలు ప్రేరణ కలిగిందా లేదా అన్న ప్రశ్న తలెత్తింది.

ప్రశ్న పుట్టింది రాజధానిలో. మడికట్ల చేనేత సంఘానికి చేరింది మాత్రం రిజిస్టర్డ్ పోస్టులో. సంఘం అధ్యక్షురాలు గాజుల విమలక్క కవరు చింపి, కళ్లజోడు సర్దుకుని, మగ్గాల చప్పుడు మధ్య గొంతు పెంచి చదివింది.

"సూచిక ఒకటిలో తెలిపిన ఆర్డరు ప్రకారం, సదరు సంఘం 'సంప్రదాయ ఆఫ్రికా నేత వస్త్రాల ప్రేరణతో రూపొందిన గృహాలంకరణ వస్త్రాలు' సరఫరా చేయవలసి ఉన్నది. గలీబులు తయారైనట్టు సంఘం తెలిపినది. అయితే ప్రేరణ కలిగినట్టు ఎట్టి రుజువూ జతపరచలేదు. ప్రేరణ ధ్రువపత్రం సమర్పించేవరకు సరుకు స్వీకరించబడదు."

సాంబయ్య మగ్గం ఆపాడు. అరవై ఒక్క ఏళ్ల మనిషి. నేసేటప్పుడు ఎవరైనా పలకరిస్తే చేతులు ఆపకుండానే జవాబు చెప్పే అలవాటు. ఆయన మగ్గం ఆగిందంటే మిగతా పది మగ్గాలూ ఆగుతాయి.

"గదేం పత్రం చెల్లె? కులందా, ఆదాయందా?"

"ప్రేరణది. నీకు ప్రేరణ కలిగిందని సర్కారు రాసియ్యాలంట."

"ఎవరిస్తరు?"

"గదే రాయలె."

రాయకపోవడానికి కారణం, ఆ ధ్రువపత్రం ఇచ్చే కార్యాలయం అప్పటికి ఇంకా పుట్టలేదు. ఎవరో ఆడిటరు ఆర్డరు కాగితంలో 'ప్రేరణతో' అన్న మాట కింద ఎర్ర గీత గీసి, 'రుజువు?' అని రాశాడు. చేనేత శాఖలో ఎవరి దగ్గరా రుజువు లేదు. లేనప్పుడు శాఖ చేసే పనే ఈసారీ చేసింది. ప్రేరణ నిర్ధారణ విభాగం అని కొత్తగా ఒకటి ఏర్పాటు చేసి, దానికి ఒక డిప్యూటీ డైరెక్టరునీ, ఒక జీపునీ, నాలుగు రబ్బరు స్టాంపులనీ మంజూరు చేసింది.

నెలాఖరుకి ఇరవై రోజులుంది. నెలాఖరులోగా ఆ గలీబులు రాజధానిలోని కొత్త అతిథి గృహానికి చేరకపోతే, ఈ ఏడాది ఒక్క ఆర్డరూ పూర్తిచెయ్యని సంఘంగా మడికట్ల 'సుప్త సంఘాల' జాబితాలోకి పోతుంది. సుప్త సంఘం షెడ్డు శాఖ పరమవుతుంది. షెడ్డులో ఏం పెట్టాలో కూడా శాఖ ముందే తీర్మానించుకుంది. చేనేత అనుభూతి కేంద్రం. పదకొండు మగ్గాల మీద పదకొండు మైనపు బొమ్మలు కూచుంటాయి. టికెట్టు కొన్నవాళ్లు వాటి పక్కన నిలబడి ఫొటో దిగుతారు. పోయిన నెలలో ఒక శిల్పి వచ్చి సాంబయ్య ముక్కు కొలత కూడా తీసుకుపోయాడు.

"బొమ్మ మంచిగొస్తది సాంబన్నా," అంది విమలక్క అప్పట్లో. "నీ లెక్క బీడి కూడ అడగది."

*

డిప్యూటీ డైరెక్టరు పరంజ్యోతి గారు నాలుగో రోజున దిగారు. ఇస్త్రీ మడత నలగని మనిషి. ఆయన మామూలు మాట మాట్లాడినా కింద సంతకం పెట్టినట్టు వినిపిస్తుంది.

"ప్రక్రియను ప్రారంభించుదము," అన్నారు కుర్చీలో కూచుంటూ. "ఈ సంఘానికి ప్రధాన నేతగాడు ఎవరు?"

"నేనే సారూ."

"నిబంధన మూడు ప్రకారం ప్రధాన నేతగాడికి ప్రేరణ కలిగినట్టు రుజువైతే, మిగతావారికి అతని ద్వారా ఉప ప్రేరణ కలిగినట్టు భావించబడుతుంది. కాబట్టి అంతా మీ మీదే ఉంది. చెప్పండి, ప్రేరణ ఎప్పుడు కలిగింది?"

సాంబయ్య తల గోక్కున్నాడు. "నాలుగేండ్లయితుండొచ్చు సారూ. ఎండకాలం."

"సమయం?"

"అన్నం తిన్నంక."

"భోజనానంతరం," అని రాసుకున్నారు పరంజ్యోతి గారు. "ఎట్లా కలిగింది?"

కలిగింది నిజమే. ఘానా దేశం నుంచి వచ్చి పట్నంలో బట్టల డిజైన్ చదువుకుంటున్న సెలాసి అనే కుర్రాడు ఒక మధ్యాహ్నం షెడ్డు చూడటానికొచ్చాడు. భుజం మీద వాళ్ల తాత నేసిన బట్ట. నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలు పొడుగ్గా నేసి, ముక్కలు చేసి, అంచుకి అంచు కలిపి కుట్టిన బట్ట అది. పసుపు, పచ్చ, నలుపు గళ్లు ఒక పట్టీలో ఒక చోట, పక్క పట్టీలో ఇంకో చోట వచ్చి, దూరం నుంచి చూస్తే బట్ట కదిలినట్టుంటుంది. సాంబయ్య భార్య లస్మవ్వ ఆ బట్టని వదల్లేదు. కుట్లు లెక్కబెట్టింది, తిరగేసి చూసింది, వాసన చూసింది. కుర్రాడు సాంబయ్య మగ్గం చూసి పగలబడి నవ్వాడు. ఎందుకంటే సాంబయ్యది నవారు నేసే ఇల్లు. మంచాలకి అల్లే ఆ నవారు పట్టీ కూడా నాలుగు వేళ్ల వెడల్పే. మా ఊళ్లో మా తాత ముందు కూచున్నట్టుందన్నాడు సెలాసి. ఆ సాయంత్రం లస్మవ్వ రంగులు చెప్పింది, సాంబయ్య నేశాడు. ఆమె కుట్టింది. అట్లా పది గలీబులు తయారైతే, పట్నం ఎగ్జిబిషన్‌లో మొదటి రోజే ఒక దుకాణంవాడు మొత్తం కొనుక్కుపోయాడు.

ఇదంతా సాంబయ్య తన మాటల్లో చెప్పాడు. పరంజ్యోతి గారు చివరిదాకా విన్నారు.

"ఈ సెలాసి ఇప్పుడెక్కడున్నారు?"

"సదువైపోయినంక వాళ్ల దేశం పోయిండు."

"ఆఫ్రికా వస్త్రాల తరఫున ప్రేరణ కలిగించడానికి అతనికి అధికారం ఉన్నట్టు గుర్తింపు కార్డేమైనా?"

"భుజం మీద తాత నేసిన బట్ట ఉండె సారూ."

"వస్త్రము గుర్తింపు కార్డు కాజాలదు. సాక్షులు?"

"లస్మవ్వ. నా ఇంటామె."

"ఆమెను పిలవండి."

"పోయింది సారూ," అన్నాడు సాంబయ్య. "రెండేండ్లాయె."

పరంజ్యోతి గారు ఆ గడిలో 'సాక్షి అందుబాటులో లేరు' అని రాశారు.

"పోనీ. పట్టీ నేయడం ఆ అబ్బాయే నేర్పాడా?"

"లేదు సారూ. మా నాయన నేర్పిండు."

కలం ఆగింది. "అంటే మీకు ముందే వచ్చు."

"వచ్చు సారూ. తొమ్మిదేండ్లప్పటి సంది."

"పని ముందే వచ్చినవాడికి ప్రేరణ ఎట్లా కలుగుతుంది?"

విమలక్క ఉండబట్టలేకపోయింది. "రానోనికి కలిగితే ఏం లాభం సారూ?"

పరంజ్యోతి గారు ఆ మాటని రికార్డులోకి తీసుకోలేదు. ఫారం చివరి గడి దగ్గర ఆగి, ప్రేరణ మూలం: 'నాయన' అని రాసి, పక్కన కుండలీకరణంలో 'ఆఫ్రికా వాసి కాదు' అని చేర్చి, సాంబయ్య చేత వేలిముద్ర వేయించుకున్నారు. సాంబయ్యకి సంతకం వచ్చు. కానీ ఫారంలో వేలిముద్రకే చోటుంది.

బయట జీపు దగ్గర డ్రైవర్ వాజిద్ విమలక్క ఇచ్చిన చాయ్ తాగుతున్నాడు.

"మీ సారుకైతే కలిగిందా ప్రేరణ?" అడిగింది విమలక్క.

"ఎందుకు కలగదక్కా? పదకొండు మంది ఆఫీసర్లు పన్నెండు రోజులు ఆఫ్రికా పోయొచ్చిన్రు. సింహాలను జూసిన్రు, జిరాఫీలను జూసిన్రు. ఫోన్ల నిండ ఫొటోలే."

"బట్టలు జూడలేదా?"

"జూసే ఉంటరు. కొన్నరు గూడ. గాని వచ్చేటప్పుడు విమానంల సామాన్లన్ని తప్పిపోయినయ్. సారు రెండు రోజులు ఒక్క అంగీ మీదనే ఆఫీసుకు పోయిండు. పాపం, పట్నంల తిరిగి తిరిగి మళ్ల అన్ని కొనుక్కున్నడు."

*

వారం రోజుల్లో రెండో ఉత్తర్వు వచ్చింది. పూర్వజ్ఞానం కలిగిన నేతగాళ్లకు విస్మరణ శిక్షణ ఇచ్చి, వారు తమ పని మరిచిపోయినట్టు ధ్రువీకరించుకున్న మీదట ప్రేరణకు అర్హులుగా పరిగణించవలెనని.

జిల్లా కేంద్రంలో ఒక ఫంక్షన్ హాలు తీసుకున్నారు. ఆరు ఊళ్ల నుంచి ముప్పై మంది నేతగాళ్లని పిలిచారు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పన్నం, మధ్యలో మరిచిపోవడం. మొదటి రోజు ఉపన్యాసం, రెండో రోజు కళ్లు మూసుకుని కూచోవడం, మూడో రోజు పరీక్ష.

"మీ చేతుల్ని ఖాళీ పాత్రలుగా భావించుకోండి," అని చెప్పాడు పట్నం నుంచి వచ్చిన శిక్షకుడు. "మీ తండ్రిని ఒక అపరిచితుడిగా చూడండి."

"జూస్తెనే గుర్తుపట్టి తిడతడు సార్," అన్నాడు వెనక వరసలోంచి ఎవరో.

పరీక్ష సులువైనది. హాలు మధ్యలో ఒక మగ్గం పెట్టారు. ఒక్కొక్కరూ వచ్చి దాని ముందు కూచోవాలి. నేస్తే తప్పినట్టు, నేయలేకపోతే నెగ్గినట్టు. నేతగాళ్లు తెలివైనవాళ్లు. ఒకాయన పోగు నడిపే నాడెని దువ్వెన అనుకుని తల దువ్వుకున్నాడు. ఇంకొకాయన మగ్గానికి దండం పెట్టి, ఇదేం దేవుడు సార్ అని అడిగాడు. ఆయనకి ప్రథమ శ్రేణి ఇచ్చారు.

సాంబయ్య కూడా మరిచిపోవాలనే గట్టిగా అనుకుని కూచున్నాడు. షెడ్డు కోసం మరిచిపోదామనుకున్నాడు. పది మంది పొట్టల కోసం మరిచిపోదామనుకున్నాడు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కదలకుండా కూచున్నాడు. అధికారి గడియారం చూస్తున్నాడు. ఇంకో అర నిమిషం అయితే నెగ్గినట్టే.

అప్పుడు పడుగులో ఒక పోగు తెగి వేలాడుతూ కనిపించింది.

చూడనట్టు తల తిప్పుకున్నాడు. పైకప్పు చూశాడు. మళ్లీ పోగు చూశాడు. ఎప్పుడు తొడ కింద నుంచి వచ్చిందో తెలీదు, కుడి చెయ్యి వచ్చి పోగు పట్టుకుంది. ఎడమ చెయ్యి రెండో కొస అందించింది. రెప్పపాటులో ముడి పడిపోయింది. ఊరికే పడలేదు, ఎంత చక్కగా పడిందంటే అధికారి భూతద్దం పెట్టి వెతికినా కనిపించలేదు.

"తప్పాడు," అని రాశారు.

ముప్పై మందిలో తప్పింది ఒక్క సాంబయ్యే. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూచుని తన చేతుల వైపే చూసుకుంటూ వచ్చాడు.

"ఈ చేతులే షెడ్డును ముంచినయ్ చెల్లె," అన్నాడు మడికట్లలో దిగి.

విమలక్క తిట్టడానికి సిద్ధంగా ఉంది కానీ, ఆయన ముఖం చూసి తిట్టలేదు. "పో, పోయి అన్నం తిను," అంది. మర్నాడు పొద్దున్నే జిల్లా కార్యాలయానికి పోయి, పరంజ్యోతి గారి గది గుమ్మంలో టిఫిన్ డబ్బాతో సహా కూచుంది. రెండు రోజులు లేవలేదు. మూడో రోజున పరంజ్యోతి గారు నిబంధనల పుస్తకం ఆసాంతం తిరగేసి ఒక దారి కనిపెట్టారు. ప్రత్యక్ష ప్రేరణ పరీక్ష. విస్మరణలో తప్పిన వారికి ఒకే ఒక్క అవకాశం. మూల నమూనా ఎదుట కూచోబెట్టి, వైద్యుల సమక్షంలో, శరీరం మీద ప్రేరణ లక్షణాలు కనిపిస్తాయేమో చూస్తారు.

నెలాఖరుకి రెండు రోజులుంది.

*

మూల నమూనా జీపులో, వెల్వెట్ గుడ్డ కప్పుకుని, ఒక కానిస్టేబులు తోడుగా వచ్చింది. గాజు పెట్టెలో ఒకే ఒక్క దిండు గలీబు. షెడ్డు మధ్యలో బల్ల వేసి దానిమీద పెట్టారు.

"ఇదీ అసలైన వస్తువు," అన్నారు పరంజ్యోతి గారు. గొంతులో భక్తి. "అక్రా నగరంలో ఒక వయోవృద్ధ నేతగాడు స్వయంగా నా చేతుల్లో పెట్టాడు."

"పొద్దున కుమాసి అన్నరు సారూ," అంది విమలక్క.

"కుమాసికి చెందిన వృద్ధుడు. అక్రా వచ్చి ఇచ్చాడు."

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన డాక్టరమ్మ స్నిగ్ధ సాంబయ్య మణికట్టు పట్టుకుంది. డాక్టరు చదివింది ఇందుకోసమేనా అన్నట్టుంది ఆ పిల్ల ముఖం. నాడి డెబ్భై రెండు. నిబంధన ప్రకారం ప్రేరణకు నిమిషానికి వంద దాటాలి. సాంబయ్యని గాజు పెట్టెకి ఆరడుగుల దూరంలో స్టూలు మీద కూచోబెట్టారు. ముట్టుకోరాదు. మాట్లాడరాదు.

సాంబయ్య చూశాడు. పసుపు, పచ్చ, నలుపు పట్టీలు. గాజు మీద కిటికీ వెలుగు పడి సగం కనబడటంలేదు. సెలాసి తాత బట్ట లాగే ఉంది. ఇట్లాంటి బట్టలన్నీ ఇట్లాగే ఉంటాయి కాబోలు అనుకున్నాడు. గట్టిగా ఊపిరి పీల్చాడు. కళ్లు పెద్దవి చేశాడు.

"డెబ్భై రెండు," అంది డాక్టరమ్మ.

పావు గంట తర్వాత, "డెబ్భై. తగ్గింది."

పరంజ్యోతి గారు కలం మూత తీశారు. ఆ కలం ఫారం మీద దిగితే షెడ్డు పోయినట్టే. పది మంది నేతగాళ్లూ గోడకి ఆనుకుని చూస్తున్నారు. అనుభూతి కేంద్రానికి కరెంటు ఎక్కడి నుంచి లాగాలో చూసిపోదామని వచ్చిన ఎలక్ట్రీషియన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఆగుండ్రి సారూ," అంది విమలక్క. "నేతగాడు బట్టను కండ్లతోటి జూస్తడా? చేత్తోటి జూస్తడు. చెయ్యి ముట్టనిస్తె గద కలిగేది."

"స్పర్శ నిషిద్ధం. నిబంధన తొమ్మిది." పుటలు తిప్పారు. తిప్పుతూ ఆగారు. "అయితే ఉపనిబంధన నాలుగు. అంధులైన నేతగాళ్ల విషయంలో సడలింపు ఉంది."

విమలక్క ఒక్క అడుగులో సాంబయ్య దగ్గరికొచ్చి ఆయన కళ్లజోడు లాగేసింది. "ఇగో, ఇప్పుడు గుడ్డోడే. ఏం కనబడుతలేదు గద సాంబన్నా?"

"ఏం కనబడ్తలేదు," అన్నాడు సాంబయ్య. అది నిజమే.

పరంజ్యోతి గారు ఆలోచించారు. ఆయన చెడ్డవాడు కాదు. నిబంధన ఒప్పుకుంటే ఎవరికైనా మేలు చేసే మనిషి. 'పరీక్షా సమయమున తాత్కాలిక అంధుడు' అని రాసి, స్టాంపు వేసి, గాజు మూత ఎత్తారు.

సాంబయ్య చెయ్యి బట్ట మీద పడింది. బొటనవేలు పట్టీ అంచు వెంట నడిచింది. అంచు తెలిసిన అంచులాగే ఉంది. పట్టీకి పట్టీకి మధ్య కుట్టు దొరికింది. సన్న కుట్టు. వేలు దాని వెంటే చివరిదాకా పోయింది. చివర మామూలుగా ముడి ఉండాలి. ముడి లేదు. దారం రెండు చుట్లు చుట్టి, ఒక్క గుంజు గుంజి, కొస లోపలికి నొక్కేసి ఉంది.

బీడీకి కట్టినట్టు.

ఇరవై ఏళ్లు కార్ఖానాకి రోజుకి వెయ్యి బీడీలు చుట్టిన లస్మవ్వకి ముడి వేయడం రాదు. రెండు చుట్లు, ఒక గుంజు. ఆ పది గలీబులు కుట్టినప్పుడు కూడా అంతే చేసింది, బీడీలకి మిగిలిన గులాబీ దారంతోనే. ముడి వెయ్యరాదా, ఊడిపోతది అని సాంబయ్య అంటే, నా బీడి ఎప్పుడన్న ఊడిందా అని నవ్వింది.

"అరే," అంది డాక్టరమ్మ. మణికట్టు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "తొంభై ఆరు. నూట మూడు. నూట పద్నాలుగు! సార్, ఈయనకి చెమటలు పడుతున్నాయి."

సాంబయ్య తల ఎత్తాడు. "సారూ, ఇది నా…"

విమలక్క అప్పటికే ముందుకు వంగి గులాబీ దారం చూసింది. తానూ లస్మవ్వ పక్కన కూచుని అదే కార్ఖానాకి బీడీలు చుట్టిన మనిషి. ఒక్క చూపు వాజిద్ వైపు విసిరింది. విమానంలో తప్పిపోయిన సామాన్లూ, పట్నంలో మళ్లీ కొన్న వస్తువులూ ఆమె తలలో కలిసిపోయాయి. వెంటనే తన చెప్పుకాలు సాంబయ్య పాదం మీద వేసి తొక్కింది. బలంగానే తొక్కింది.

"మీ మనసును తాకింది!" పరంజ్యోతి గారు లేచి నిలబడ్డారు. "చెప్పండి సాంబయ్య గారూ, సంకోచించకండి. మీ మనసును తాకింది కదూ?"

సాంబయ్య చెయ్యి ఇంకా కుట్టు మీదే ఉంది. షెడ్డులో పది మంది ఆయన నోటి వైపే చూస్తున్నారు.

"తాకింది సారూ," అన్నాడు.

"వేలు కింద ఉన్న ఆ గులాబీ దారం గమనించారా? అది ఆఫ్రికా తెగల్లో ఆడవాళ్లు మాత్రమే కుట్టే సూర్యోదయ సంకేతం. మన నివేదికలో మూడు పేజీలు రాశాను. అటువంటి కుట్టు ఈ దేశంలో ఎవ్వరికీ రాదు."

"ఎవ్వరికి రాదు సారూ," అంది విమలక్క. "గా సూర్యోదయం మా గలీబులకు గూడ పెడితె ఎట్లుంటది?"

"పెట్టి తీరాలి. అది లేనిదే ప్రేరణ అసంపూర్ణం. కానీ ఒక్క రోజులో ఆరు వందలకు… ఆ విద్య తెలిసినవాళ్లు…"

"జూస్తం సారూ. ప్రేరణ కలిగింది గద."

మర్నాడు షెడ్డు వరండాలో మడికట్ల బీడీ కార్మికులు ముప్పై మంది చాపలు పరుచుకుని కూచున్నారు. పాటలు పాడుకుంటూ, అత్తల్ని తిట్టుకుంటూ, పొద్దు గూకే లోపల ఆరు వందల గలీబులకీ సూర్యోదయం పెట్టేశారు. పరంజ్యోతి గారు ఆ వేగం చూసి అబ్బురపడి, ఉప ప్రేరణ ఇంత త్వరగా వ్యాపిస్తుందని తానూహించలేదని పై అధికారులకు రాశారు. నెలాఖరు రోజున లారీ బయల్దేరింది. ఎలక్ట్రీషియన్ మళ్లీ రాలేదు.

ధ్రువపత్రం పది రోజుల తర్వాత వచ్చింది. అట్ట మీద బంగారు రంగు అంచు, నాలుగు స్టాంపులు. విమలక్క దాన్ని ఫ్రేము కట్టించి తెచ్చింది. గతంలో షెడ్డు గోడ మీద లస్మవ్వ బీడీల చాట వేలాడిన మేకుకి తగిలించాడు సాంబయ్య. తగిలించి, కళ్లజోడు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. నేతగాడి పేరు. తండ్రి పేరు. నాడి నూట పద్నాలుగు. చివరి గడి దగ్గర చాలాసేపు ఆగాడు.

"ఏం రాసిండ్రు?" అంది విమలక్క.

సాంబయ్య వేలు పెట్టి చూపించాడు. ప్రేరణ మూలం: పేరు తెలియని ఒక ఆఫ్రికా మహిళ.

విమలక్క రెండుసార్లు చదివింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"బతికినన్నాళ్లు గా లస్మవ్వ జిల్లా దాటి ఎరుగది," అంది. "సచ్చిపోయినంక ఆఫ్రికా పోయొచ్చింది."

సాంబయ్య మగ్గం ఎక్కాడు. కొద్దిసేపటికి మిగతా పది మగ్గాలూ మొదలయ్యాయి.